నీళ్ల బరువు

జూన్ 3, సోమవారం. బరువు 54.

ఉగాదికి మిల్లు వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. సుభాషిణి బరువు రోజూ రాసిపెట్టమని డయాలసిస్ సెంటర్‌లో చెబితే బయటికి తీశాను. ఒక్క అంకె రాశాక పేజీ అంతా మిగిలిపోతోంది. నా కడుపులో మంట కూడా మిగిలిపోతోంది కనుక అదీ ఇక్కడే రాస్తాను. నా కోడిగీతలు సుభాషిణి చదవలేదు, అమ్మకు అక్షరాలు ఆనవు.

సుబేదారిలోని ఆ సెంటర్‌కు మేము పోవడం ఇది నాలుగో వారం. ఇవాళ తిండి సంగతి చూసే అనూష వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. నా భార్య మంచం పక్కన నిలబడి, చుట్టూ పది మంది వింటుండగా అంది.

“అంకుల్, ఆంటీ రక్తంల ప్రొటీన్ బాగ తక్కువున్నది. పౌడర్ తాగితే వాంతి చేసుకుంటాంది. సోయా పడ్తలేదు. ఇగ రోజుకు రెండు కోడిగుడ్లు పెట్టుండ్రి. పచ్చసొన తీసేసి తెల్లది ఒక్కటే.”

మేము వైశ్యులం తల్లీ, ఇంట్లో ఆ మాట కూడా అనుకోము అన్నాను. తెలుసంకుల్ అంది, తెలిసీ అడుగుతోంది.

ఏడాది కింద పెద్ద డాక్టర్ రాసిచ్చిన కాగితం మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ అంటించే ఉంది. పప్పు, పాలు, పెరుగు బాగా తగ్గించాలని అందులో ఉంది. బీట్ బజార్‌లో ముప్పై ఏళ్లుగా పప్పుల దుకాణం నడుపుతున్నవాడి భార్య ఏడాదిపాటు పప్పు ముద్ద ముట్టలేదు. ఒక్క పూట తప్పనివ్వలేదు నేను. ఏకాదశి ఉపవాసం కూడా అంత నిష్ఠగా చేసి ఉండను. ఈ పిల్లేమో ఆ కాగితం చింపెయ్యమంటోంది.

“అది కిడ్నీలు జర పనిచేసేటప్పటి కాగితం అంకుల్. వాటికి బరువు పడొద్దని అట్ల రాసిండ్రు. ఇప్పుడు మిషన్ పని చేస్తాంది. మిషన్ రక్తం కడిగేటప్పుడు ప్రొటీన్ గూడ కొంత కొట్టుకపోతది. పోయింది మళ్ల తిండిల నుంచే రావాలె. లేకపోతే కండ కరుగుతది, రోగం తట్టుకోదు.”

నేను కాదనబోతున్నాను. ఇంతలో మంచం మీది నుంచి సుభాషిణి అంది.

“తింట.”

కనీసం కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఛీ అంటుందనుకున్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో దీపం పెట్టిన మనిషి, ఎవరో జిలేబీ ఇస్తానన్నట్టు తింటానంది. ఆ తిండి పేరు ఇక ఈ డైరీలో రాయను. అది అని రాస్తే నాకు తెలుస్తుంది, చాలు.

జూన్ 4

ఇంట్లో కుదరదు. అమ్మ ఉంది. ఎనభై ఏళ్ల శకుంతలమ్మ వంటింట్లోకి అది వచ్చిందంటే ఆ రోజే పొయ్యి ఆరిపోతుంది. అనూషకు ఫోన్ చేసి ఈ సంగతే చెప్పాను. మరి సెంటర్‌కు వచ్చే మూడు రోజులన్నా పెట్టండి, తర్వాత చూద్దాం అంది. ఒప్పుకున్నాను. అమ్మ అడ్డు లేకపోతే నేను ఎంత దూరమైనా పోయేవాడిని.

జూన్ 5, బుధవారం. బరువు 54.

పొద్దున్నే హన్మకొండ బస్టాండ్ దగ్గర బండి వాడి ముందు నిలబడ్డాను. ముక్కుకు రుమాలు కట్టుకున్నాను, వాసనకు కొంత, తెలిసినవాళ్లకు కొంత. వాడు అల్యూమినియం గిన్నెలోని మురికి వేడినీళ్లలో చెయ్యి పెట్టి రెండు తీశాడు. బండి అంచుకు కొట్టి, పెంకు ఒలిచి, అదే తడి చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఉప్పుకారం చల్లాల్నా సార్ అని అడిగాడు. ఆ వాసన ఎట్లా చెప్పాలో తెలియదు. దీపావళి మర్నాడు వీధిలో లేచే గంధకం వాసనకు దగ్గర.

స్టీలు డబ్బాలో పెట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి, సంచీలో వేసి, ఆ సంచీ ఒళ్లో పెట్టుకోలేక ఆటోలో కాళ్ల దగ్గర పెట్టాను. సెంటర్‌లో మిషన్ పెట్టకముందే సుభాషిణి మూత తీసింది. పచ్చది గిల్లి పక్కన పెట్టి తెల్లది సగం కొరికింది. నేను చూస్తూ నిలబడ్డాను. నమిలింది, నా వైపు చూసింది, మళ్లీ నమిలింది. మిగిలింది డబ్బాలో పెట్టేసి మూత పెట్టింది.

ఆమెకూ అసహ్యమే. ఇంటికి వచ్చి తలంటు పోసుకున్నాను. మనసుకు హాయిగా ఉంది.

జూన్ 7, శుక్రవారం. బరువు 54.

ఇచ్చాను. రెండు.

జూన్ 10, సోమవారం. బరువు 54.

ఇచ్చాను. రెండు.

జూన్ 12. 54.

ఇచ్చాను. రెండు. తిన్నది.

జూన్ 14. 54.

ఇచ్చాను.

జూన్ 21, శుక్రవారం. బరువు 54.

ఇచ్చాను. రెండు. పక్క మంచం సంగతి రాయాలి. రఘునాథపల్లి నుంచి ఉప్పలయ్య అనే రైతు వస్తాడు, వెంట భార్య మల్లక్క. ఆమె తెల్లారే నాలుగింటికే లేచి ఉడకబెట్టి, గుడ్డ సంచీలో మూట కట్టుకుని వస్తుంది. మంచం పక్కన కింద కూర్చుని ఒలుస్తుంది. గోళ్లలో మడి మన్ను అట్లాగే ఉంటుంది. పెంకులు కొంగులో పోసుకుంటుంది, పచ్చది తన నోట్లో వేసుకుంటుంది, తెల్లది ముక్కలు చేసి మొగుడి నోట్లో పెడుతుంది. ఉప్పలయ్య పెదవుల పక్కన తునకలు అంటుకుని ఉంటాయి. తెర వెయ్యమని నర్సుకు చెప్పాను. తెర లేదంది.

“ఏం సేటు, అక్కకు తెచ్చినవా ఇయ్యాల?” అని అందరిముందు అడిగింది మల్లక్క. తెచ్చాను అని సంచీ చూపించాను.

జూలై 5, శుక్రవారం. బరువు 54.

రిపోర్ట్ వచ్చింది. ప్రొటీన్ పోయిన నెలకంటే తగ్గింది. అనూష కాగితం రెండు సార్లు చూసి సుభాషిణిని అడిగింది.

“ఆంటీ, తింటాండ్రా నిజంగ?”

నేను గోడ గడియారం వైపు చూశాను. సుభాషిణి నన్ను చూసింది. తర్వాత నెమ్మదిగా, “తింటాన బిడ్డా. ఆయనే తెచ్చి పెడ్తాండు,” అంది.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

జూలై 6

నా డైరీ ఇది. ఇందులో కూడా నాకు నేనే ఎందుకు అబద్ధం రాసుకున్నానో తెలియడం లేదు.

జూన్ ఐదు తర్వాత ఆ బండి దగ్గరికి పోలేదు. ఒక్కసారి కూడా పోలేదు. డబ్బాలో రెండు ఇడ్లీలు పెట్టి తీసుకుపోతున్నాను. మొదటి రోజు సుభాషిణి మూత తీసి చూసి, ఏమీ అనకుండా తిన్నది. ఏదో ఒకటి అంటే బాగుండేది. అనలేదు కనుక ఆమెకూ ఇదే ఇష్టమనుకున్నాను. ఇడ్లీలో మినప్పప్పు ఉంటుంది, అందులో బలం లేదా?

బరువు మాత్రం నెల నుంచి ఒక్క తీరే ఉంది. సరుకు తగ్గలేదని కాంటా చెబుతుంటే, రక్తం తీసి చూసిన కాగితాన్ని ఎందుకు నమ్మాలి? ముప్పై ఏళ్లు కాంటాను నమ్మే బతికాను.

జూలై 19

అల్మారా మీది నుంచి ఇత్తడి బిందె దించబోయి వదిలేసింది. ఖాళీ బిందె. చప్పుడుకు అమ్మ ఉలిక్కిపడి లేచింది. చేతులకు పట్టు లేదు అని సుభాషిణి నవ్వింది. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తోంది. జుట్టు దువ్వెన నిండా వస్తోంది.

కాళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి, మొహం కూడా గుండ్రంగా ఉంది. చూసినవాళ్లు ఒళ్లు చేసిందంటున్నారు.

ఆగస్టు 2, శుక్రవారం. బరువు 54.

ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టదు.

రిపోర్ట్ ఇంకా పడిపోయింది. నేను అనూషతో గట్టిగానే అన్నాను. “మీ మిషన్లు తప్పు చూపిస్తున్నాయేమో, రెండు నెలల నుంచి గ్రాము తగ్గలేదు మనిషి.” ఆ పిల్ల సుభాషిణి చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిపి, కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. నొక్కిన చోట గుంట పడి అట్లాగే ఉండిపోయింది. తడి పిండిలో వేలు పెట్టినట్టు. ఎంతసేపటికీ పూడలేదు.

“ఇది ఒంటి బరువు గాదంకుల్. నీళ్ల బరువు. రక్తంల ప్రొటీన్ లేకపోతే నీళ్లు లోపల నిలువయి, ఇట్ల బయటికొచ్చి ఒంట్ల నిండుతయి. కండ నాలుగైదు కిలోలు పోయింటది. ఆ జాగల నీళ్లు నిండినయి. కాంటాకు తేడా తెల్వది. ఇట్లనే ఇంకో రెండు నెలలు పోతే చిన్న జ్వరమొచ్చినా ఆంటీ లేవది. నేను భయపెడ్తలేను, ఉన్నది చెప్తాన.”

రైతు కందులు తెస్తే నేను ముందు కాంటా ఎక్కించను. గుప్పిట్లోకి తీసుకుని రెండు గింజలు పంటి కింద వేసుకుంటాను. ఎండినవి టక్కుమని విరుగుతాయి, పచ్చివి అణుగుతాయి. అణిగితే బస్తా దించనివ్వను, ఎంత తెలిసినవాడైనా సరే. తడి సరుకు తూకంతో మోసపోయేవాడు వ్యాపారానికి పనికిరాడని బజారులో కొత్తగా వచ్చినవాళ్లకు పాఠాలు చెబుతాను. ఇంట్లో మనిషి నీళ్లు నిండి ఉబ్బుతుంటే ప్రతి రోజూ కాంటా ఎక్కించి, యాభై నాలుగు అని రాసుకుని సంతోషపడ్డాను.

నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

ఆగస్టు 3

సుభాషిణిని అడిగాను, కిడ్నీలు పాడవక ముందైనా పప్పు సరిగ్గా తినేదానివా అని. పిచ్చి ప్రశ్న విన్నట్టు చూసింది.

“మీరు, మామయ్య, మీ తమ్ముళ్లు తిన్నంక గిన్నెల మిగిలేదా? అడుగున చారునీళ్లు. నేను పచ్చడేసుకుని తినేదాన్ని.”

“మరి చెప్పలేదేం?”

“ఏమని చెప్పాలె? అందరిండ్లల్ల గంతే.”

ముప్పై ఏళ్లు నా కంచంలో పప్పు మీద నెయ్యి ఈ మనిషే వడ్డించింది. తను తినగా నేను ఎన్నడూ చూడలేదు. మేము చేతులు కడుక్కుని ముందు గదిలో తమలపాకులు వేసుకునేటప్పుడు ఆమె వంటింట్లో తినేది. దుకాణం నిండా కంది, పెసర, మినుము, శనగ. వరంగల్‌లో సగం ఇళ్లకు నా పప్పే పోతుంది.

సోమవారం నుంచి తప్పకుండా ఇస్తాను.

ఆగస్టు 5, సోమవారం

శ్రావణం మొదలయింది. శ్రావణ మాసంలో ఎట్లా తెచ్చేది? మాంసం తినేవాళ్లే మానేస్తారు ఈ నెల. ఇవాళ పనీర్ పెట్టాను. ఉప్పు లేకుండా చేశాను. రెండు ముక్కలు తిన్నది.

ఆగస్టు 12

పనీర్. ఒక ముక్క.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. తెల్లవారుజామునే అమ్మ కలశం పెట్టించింది. సుభాషిణి కూర్చోలేక కూర్చుని, పూజ చేసి, చేతికి తోరం కట్టుకుని సెంటర్‌కు బయలుదేరింది. మిషన్ పెట్టాక నేను మందులు తేవడానికి కిందికి పోయాను. చీటీ మరిచి వెంటనే పైకి వచ్చాను.

మల్లక్క మా మంచం దగ్గర నిలబడి ఉంది. ఒలిచినదాన్ని బొటనవేలితో చీల్చి, పచ్చది తీసి తన అరచేతిలో పెట్టుకుని, తెల్లది నా భార్య నోటి దగ్గర పెడుతోంది. తోరం కట్టుకున్న కుడి చేతికే సూదులు ఉన్నాయి కనుక సుభాషిణి చెయ్యి కదల్చడానికి లేదు. నోరు తెరిచి అందుకుంటోంది. నమలకుండానే మింగుతోంది. ఇంకో ముక్క కోసం మెడ ముందుకు చాచింది. పెదవి పక్కన తునక అంటుకుంది. మల్లక్క దాన్ని కొంగుతో తుడిచింది, ఆ మన్ను గోళ్ల చేత్తో, పెంకులు పోసుకునే ఆ కొంగుతోనే.

“ఏం గాదు తియ్యక్కా, తిను. దేవుడు దేవుడే, పానం పానమే. సేటు ఇప్పుడే రాడు,” అంటోంది.

నేను మెట్ల దగ్గరికి పోయి కిటికీలోంచి డోకాను. ఏమీ రాలేదు, నీళ్లు వచ్చాయి. మా ఇంటి లక్ష్మి ఇంకొకరి చేతి ఎంగిలి మెతుకు కోసం మెడ చాచింది. ఆ మెడ చాచడం పోవడం లేదు కళ్ల ముందు నుంచి.

ఆగస్టు 17

అమ్మ గుడికి పోయాక అడిగాను. వ్రతం నాడు ఆ పని ఏమిటి, అందులోనూ ఆమె చేతి నుంచి ఏమిటి అని. అరిచాను. సుభాషిణి మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు కిందికి వేలాడదీస్తే నిండుతున్నాయని పైకి పెట్టుకుంది.

“మూడు వారాల సంది పెడ్తాంది ఆమె. మీరు కిందికి పోయినప్పుడల్ల.”

“సిగ్గు లేదూ?”

“ఉండె. మొదటి రోజు ఉండె. నాకు ఆకలైతాంది. కడుపు ఆకలి గాదు, ఒళ్లంత ఆకలి. మీకెట్ల జెప్పాలె? మీరు పెట్టరు. ఇంకోలు పెడితే గిట్ల ఒర్రుతరు. నన్నేం జెయ్యమంటరు మరి?”

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని సామెత. ఆ మాట అనకుండా నా గౌరవం కాపాడింది. అనూష ముందు కూడా అట్లాగే కాపాడింది కదా.

“అనూష అడిగినప్పుడు ఎందుకు అబద్ధం ఆడావు?”

“మీరు తెస్తలేరని నలుగుర్ల ఎట్ల జెప్పాలె?”

అయినా పోయి బండి దగ్గర నిలబడలేదు. మల్లక్క పెడుతోంది కదా, అమ్మకు తెలియకుండా ఆ దారి ఒకటి నడుస్తోంది కదా అనుకున్నాను. సోమవారం మిషన్ పెట్టగానే మందులున్నా లేకపోయినా కిందికి పోయి గంట సేపు కూర్చోవాలి. అదే నేను చేసే సాయం. రాస్తుంటేనే రోత పుడుతోంది.

సెప్టెంబర్ 2, సోమవారం. బరువు 53.

రిపోర్ట్‌లో అంకె పెరిగింది, కొంచెమే. కాళ్లలో వాపు కొంచెం దిగింది. బరువు తగ్గింది, అది మంచిదేనని అనూష చెప్పింది. “మంచిగ పెడ్తాండ్రు అంకుల్, ఇట్లనే పెట్టుండ్రి,” అని నన్ను మెచ్చుకుంది. నేను తల ఊపాను. పక్కనే మల్లక్క పెంకులు ఒలుస్తూ విన్నది, తలెత్తలేదు.

సెప్టెంబర్ 4, బుధవారం

ఉప్పలయ్య మంచం ఖాళీ. జనగామలో కొత్తగా తెరిచిన చోట సీటు దొరికిందట, ఊరికి దగ్గర. నేను కిందికి పోయినప్పుడు మల్లక్క కాగితాల కోసం వచ్చి, పోతూ పోతూ సుభాషిణి చేతిలో రెండు పెట్టి పోయిందని నర్సు చెప్పింది. నాకు చెప్పడానికి ఆగలేదు. ఆగి నాతో ఏం మాట్లాడుతుంది?

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో సుభాషిణి ఒక్క మాట అంది. “ఎల్లుండి నుంచి ఎట్ల?” నన్ను అడిగినట్టు లేదు, రోడ్డును అడిగినట్టు ఉంది.

సెప్టెంబర్ 5

అమ్మతో చెప్పాను. వంటింటి గడప బయట నిలబడి, దించిన తల ఎత్తకుండా మొత్తం చెప్పాను. అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

“జూన్ల సంది నడుస్తాందా ఇది? ఎవలు వద్దన్నరు?”

“నువ్వు ఒప్పుకోవనీ...”

“నన్ను అడిగినవా పాండూ? నా వంటింట్లకు వద్దు. నా గిన్నెలు ముట్టద్దు. వెనుక బోరు కాడ చిన్న పొయ్యి పెట్టుకో, గిన్నె వేరే తెచ్చుకో. కోడలు బతకాలె గదరా. నేను కన్ను మూస్తే నోట్ల తులసి నీళ్లు ఎవలు పోస్తరు, నువ్వా?”

మూడు నెలలు అమ్మ పేరు చెప్పుకుని తిరిగాను. అమ్మకు లేని అడ్డు నాకు ఉంది. మడి అమ్మది, రోత నాది. ఈ రెండూ ఒకటేనని అందరికీ చెప్పుకున్నాను, నాకు కూడా.

సెప్టెంబర్ 6, శుక్రవారం. బరువు 53.

బోరు దగ్గర పొయ్యి వెలిగించాను. గుడ్లు నేనే కొన్నాను, పొరుగు వీధిలో కాదు, మా వీధిలోనే. మూడు ఉడకబెట్టాను. ఒకటి గిన్నెలోనే పగిలి తెల్లటి నురగ పైకి వచ్చింది. ఇంకొకదానికి పెంకు రాక సగం తెల్లది దానితోనే ఊడిపోయింది. మూడోది చేతిలో జారి మట్టిలో పడింది. అసహ్యం పోయిందని రాయను. పోలేదు. వేళ్లకు ఆ జిగట అంటినప్పుడు రెండు సార్లు పక్కకు పోయి డోకాను. సబ్బుతో ఐదు సార్లు కడిగినా వాసన గోళ్లలోనే ఉంది. మళ్లీ రెండు ఉడకబెట్టాను. చివరికి రెండు తెల్లవి, శుభ్రమైనవి, డబ్బాలో పడ్డాయి.

సెంటర్‌లో మిషన్ పెట్టాక డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. ముక్కలు చేసి నేనే నోట్లో పెడతానన్నాను. సుభాషిణి డబ్బాలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

“మూతి అట్ల వెట్టకుండ్రి.”

“ఎట్లా పెట్టాను?”

“అగో, గట్లనే. జూన్ల గూడ గిట్లనే నిలబడి జూసిండ్రు. అందుకే సగం తిని పెట్టేసిన. నాకు రోతయి గాదు. మీ మొకం జూస్తే నాకు మింగుడు వడది.”

ఆ రోజు తలంటు పోసుకుని, ఆమెకూ అసహ్యమేనని హాయిగా పడుకున్నాను నేను.

మొహం మార్చుకోవాలని చూశాను. నవ్వబోయాను. నా మొహం ఎట్లా ఉందో నాకు కనబడదు కదా, ఆమెకు కనబడుతుంది. తల అడ్డంగా ఊపింది.

“వద్దు. జర అటు తిరుగుండ్రి. ఈ ఎడమ చెయ్యితోని నేనే తింట.”

ఇన్నేళ్లలో ఆమె తింటుంటే చూడాలని మొదటిసారి అనిపించింది. ఆమెకేమో నేను చూడకపోతే చాలు. గోడ వైపు తిరిగాను. సున్నం పొక్కులు లేచి ఉంది, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో రాసిన కాగితం అంటించి ఉంది. వెనుక డబ్బా మంచం కమ్మీకి తగిలిన చప్పుడు, తర్వాత నమిలే చప్పుడు వినిపించాయి. మెల్లగా నమిలింది, ఆగింది, మళ్లీ నమిలింది.

“అయిందా?” అన్నాను.

“ఒకటయింది. ఇంకోటున్నది. తిరగకుండ్రి.”

తిరగలేదు.